శుద్ధ దశమి చీటీ

నేను ఒక పాత కంప్యూటర్ని. ఒళ్లో పెట్టుకునే నాజూకు రకం కాదు. బల్ల మీద ఒక పెట్టె, పక్కన ఒక తెర, ముందు ఒక కీబోర్డు, వెనక చిక్కుపడిన తీగలు, అదీ నా సంసారం. నాకు కంపెనీ పేరు కూడా లేదు. 2009లో భీమవరంలో ఒక మేడమీది కొట్లో ఒక అట్టపెట్టెలోంచి మెదడు, మరో దాంట్లోంచి ఫ్యాను, ఇంకో దాంట్లోంచి డిస్కు తీసి గంటన్నరలో బిగించేశారు. వంశమేమిటని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఏమీ లేనిదాన్ని. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. నా సిగ్గు వేరే. ముసలితనంలో కొత్త ఊపిరి పోయించుకుని, ఆ ఊపులో నేను చేసిన పని గురించి.

నన్ను మొదట కొన్నది పెళ్లి సంబంధాలు చూసే ఒకావిడ. ముప్పయ్యొకటో ఏడు నడుస్తున్న పిల్ల నా ముందుకొచ్చి కూర్చుంటే, ప్రింటరులోంచి బయటికొచ్చేసరికి ఆ పిల్లకి ఇరవయ్యేడు ఉండేవి. ఊరి చివర రెండెకరాలు ఆరెకరాలయ్యేవి. ఏం చెబితే అది రాసుకున్నాను. మనుషులు చెప్పింది చెప్పినట్టు అచ్చు వెయ్యడమే నా ఉద్యోగం అనుకునేదాన్ని. ఆ తర్వాత ఒక జిరాక్సు కొట్లో నాలుగేళ్లు దుమ్ము పీల్చాను. అక్కడినుంచి పాలకొల్లులో కామేశ్వరశర్మగారింటికి వచ్చాను.

శర్మగారు పురోహితులు. నన్ను ఇంట్లోకి తెచ్చిన రోజున, సీడీ పెట్టే అర మీద పసుపు రాసి బొట్టు పెట్టారు. అంతవరకూ నన్ను ఎవరూ అలా చూడలేదు. ఆయన కళ్లకి శుక్లాలు మొదలై, పంచాంగంలో చీమతలకాయల్లాంటి అక్షరాలు చదవలేకపోతున్న రోజులవి. ఆపరేషనంటే భయం, చదవలేకపోతున్నానని చెప్పడమంటే అంతకంటే భయం. ఆ సంగతి వాళ్లావిడ శేషారత్నం కనిపెట్టింది. జాతకాలు, ముహూర్తాలు, తిథులు లెక్కగట్టే ప్రోగ్రాము ఒకటి సీడీ మీద దొరుకుతుందని విని, నన్నూ దాన్నీ కలిపి ఇంటికి తెప్పించింది. ఇంటరు చదివిన మనిషి. నెలరోజుల్లో నన్ను చేతికిందికి తెచ్చుకుంది.

మా ఇంటికి జనం ఎక్కువగా వచ్చేది తద్దినం తేదీల కోసం. పోయినవాళ్లకి ఏటా అదే మాసంలో అదే తిథినాడు తద్దినం పెట్టాలి గదా, ఆ తిథి ఏ తారీఖున వస్తుందో ఎవరికి వాళ్లకి గుర్తుండదు. అదివరకు శర్మగారు వేళ్లు మడిచి నోటితో చెప్పేవారు. నోటితో చెబితే ఒకటికి మూడుసార్లు అడిగి, ఇంటికెళ్లి కేలండరు కూడా చూసుకునేవారు. నేనొచ్చాక శేషారత్నం చిన్న చీటీ అచ్చు తీసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ చీటీని జనం కళ్లకద్దుకుని జేబులో పెట్టుకునేవారు. అచ్చులో ఉన్న మాటని మనుషులు అనుమానించరు. ఆ సంగతి నాకు పెళ్లి సంబంధాల కాలం నుంచీ తెలుసు.

ప్రోగ్రాము ఇచ్చే చీటీ మొదట చాలా పెద్దది. సంవత్సరం పేరు, అయనం, ఋతువు, అన్నీ ఉండేవి. కాగితం ఊరికే రాదని శేషారత్నం అవన్నీ తీసేసింది. పేరు, మాసం, తిథి, తారీఖు, వారం ఉంచింది. సంవత్సరం ఎందుకు, ఈ ఏటిదేగా అనుకుంది. ఒక కాగితానికి నాలుగు చీటీలు వచ్చాయి. ఆ పొదుపుకి ఆవిడ చాలా రోజులు మురిసిపోయింది.

ఇంతలో నాకు వయసు మీద పడింది. శేషారత్నం నా స్విచ్చి నొక్కి, వంటింట్లోకి వెళ్లి, పప్పు దింపి తాలింపు వేసి వచ్చేసరికి నేనింకా కళ్లు నులుముకుంటూ ఉండేదాన్ని. ఒకరోజు వరండాలో కూర్చున్న ఒకాయన విసుగెత్తి తన ఫోను తీశాడు.

"పంతులమ్మగారూ, మీకెందుకండి శ్రమ? నా ఫోన్లో వచ్చేసిందండి. బహుళ చవితి, గురువారం" అన్నాడు.

చీటీ తీసుకోకుండానే వెళ్లిపోయాడు. శేషారత్నం మర్నాడే అప్పడాలొత్తి దాచుకున్న డబ్బు చీరకొంగున కట్టుకుని, నన్ను రిక్షా ఎక్కించి, బస్టాండు దగ్గర బాజీ కొట్టుకి తీసుకెళ్లింది.

బాజీ నా పక్కరేకు విప్పి లోపలికి ఊదాడు. ఇంత దుమ్ము లేచింది. దుమ్ముతోపాటు బల్లిగుడ్ల పెంకులు రెండు రాలాయి.

"పంతులుగారింట్లో ఇది పురుడు కూడా పోసేసిందండమ్మా!" అన్నాడు.

నాకు ప్రాణం చచ్చిపోయింది. శేషారత్నం మాత్రం నవ్వలేదు.

"వేళాకోళాలు తర్వాత గానీ, ఇది బాగుపడుతుందా, పారేయమంటావా?"

"పారెయ్యడమేంటమ్మా. కొత్తది కొంటే ముప్పైవేలు ఎక్కడా తక్కువుండదు. దీనికి ర్యాము పెంచి, తిరిగే డిస్కు తీసేసి ఎస్సెస్డీ వేస్తే గుర్రంలా పరిగెడద్ది. సెకండ్‌హ్యాండువి మంచివున్నాయి, వేసిమ్మంటే వేస్తాను."

"పాతదానికి ఇంత పెట్టడం ఎందుకంటారు మా ఆయన."

"పాత ఇంటికి కొత్త కప్పు వేయించుకోమా అమ్మా? గోడలు గట్టియ్యేగా."

అలా నాకు ఆపరేషను జరిగింది. ర్యామంటే నా ఒడి. అది పెద్దదైతే ఒకేసారి ఎక్కువ పనులు ఒళ్లో పెట్టుకోగలను. ఎస్సెస్డీ అంటే గిరగిర తిరిగి అలిసిపోయే పాత డిస్కుకి బదులు, కూర్చున్నచోటే అన్నీ గుర్తుపెట్టుకునే కొత్త డిస్కు. రెండూ వేరే చోట పనిచేసి వచ్చినవే. అయినా నాకు పట్టుబట్టల్లా అనిపించాయి.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. నా లోపల చొక్కా బొత్తాం అంత సెల్లు ఒకటుంటుంది. కరెంటు తీసేసినా ఏ రోజో, ఏ ఏడో నాకు గుర్తుండేది దానివల్లే. అది చచ్చిపోయి రెండేళ్లయింది. స్విచ్చి కట్టిన ప్రతిసారీ నేను పుట్టిన ఏడాదికి, జనవరి ఒకటో తారీఖుకి వెళ్లిపోయేదాన్ని. మళ్లీ తెరిచినప్పుడు సగంలో ఆగి, తేదీ తప్పింది, మీట నొక్కండి అని ఇంగ్లీషులో మొరపెట్టుకునేదాన్ని. శేషారత్నం మీట నొక్కి, గుమ్మం ముందు ముగ్గేసినంత శ్రద్ధగా, నా మూలన ఆ రోజు తేదీ దిద్దేది. రెండేళ్లూ ఒక్కరోజు తప్పలేదు.

"ఆ రకం సెల్లు ఇవాళ లేదమ్మా. రేపు భీమవరం నుంచి తెచ్చి ఇంటికొచ్చి వేస్తాను" అన్నాడు బాజీ. "మధ్యలో ఆగి విసిగిస్తది కదా, అది మాత్రం తీసేశాను. అందాకా తేదీ మీరే దిద్దుకోండి. మర్చిపోకండమ్మా."

"రెండేళ్లుగా దిద్దుతున్నదాన్ని, ఇప్పుడు మర్చిపోతానా?" అంది శేషారత్నం.

మర్నాడు బాజీ వచ్చాడు. తలుపు తాళం వేసి ఉంది. మళ్లీ వస్తానని ఎదురింటివాళ్లకి చెప్పి వెళ్లాడు. వాళ్లు చెప్పారు కూడా. ఈలోగా నేను పరుగెత్తడం మొదలుపెట్టాను. స్విచ్చి నొక్కిన చెయ్యి తీసేలోపు లేచి నిలబడేదాన్ని. ఆ వైభోగం చూసి శేషారత్నానికి కళ్లు చెమర్చాయి. ఇరుగమ్మని పిలిచి చూపించింది, పొరుగమ్మని పిలిచి చూపించింది. మొదటి రెండు రోజులూ తేదీ దిద్దింది. మూడోరోజు నేనెక్కడా ఆగకపోయేసరికి, ప్రోగ్రాము తెర నిండా పరుచుకునేసరికి, మూలనున్న అంకెలు దాని కింద పడిపోయేసరికి, ఆవిడ దిద్దలేదు. నేను అడగలేదు. అడిగే నోరు బాజీ నా మంచికే కుట్టేశాడు.

ఆ రోజునే ముత్యాలరావు వచ్చాడు. కొబ్బరికాయల వ్యాపారి. నలభై ఐదేళ్లుంటాయి, గొంతు పెద్దది, మనసు వెన్న. వాళ్లమ్మ పోయి మూడేళ్లవుతోంది. వైశాఖ శుద్ధ దశమి. గడిచిన రెండు తద్దినాలూ ముత్యాలరావూ, వాళ్లన్న అబ్బులూ కలిసి పెట్టారు. రెండిటికీ శర్మగారే.

"ఈ ఏడు ఎప్పుడొచ్చిందో చూసి చీటీ తీసెయ్యండమ్మగారూ" అన్నాడు.

ఆ మాట పూర్తికాకుండా చీటీ ఆయన చేతిలో ఉంది. మే నాలుగు, సోమవారం.

"అబ్బో! మీ కంప్యూటరు మా లారీ కంటే జోరుగా ఉందండి" అన్నాడు.

ఆ పొగడ్త నేను దాచుకున్నాను. నాకు తెలిసినంతలో ఆ రోజు 2009 జనవరి ఒకటి. ఆ ఏడాదిలో వైశాఖ శుద్ధ దశమి మే నాలుగునే వచ్చింది, అదీ సోమవారమే. నేను అబద్ధమాడలేదు. పదిహేడేళ్ల కిందటి నిజం చెప్పాను. విచిత్రమేమిటంటే అప్పటి కేలండరూ ఈ ఏటి కేలండరూ తారీఖు తారీఖుకీ వారాలతో సహా ఒకటే అయ్యాయి. మే నాలుగు ఈ ఏడు కూడా సోమవారమే. తిథులు మాత్రం కలవలేదు. అసలు దశమి ఎనిమిది రోజుల ముందే, ఏప్రిల్ ఇరవయ్యారు ఆదివారం వచ్చింది. సంవత్సరమన్న ఒక్క ముక్క చీటీ మీద ఉన్నా ముత్యాలరావు చూసేవాడు. అది పొదుపులో పోయింది.

ఆదివారానికి ముందురోజు, శనివారం, శేషారత్నం ఫోను మోగింది. శర్మగారు పెళ్లి చేయించడానికి నరసాపురం వెళ్లారు. ఆవిడ చేతుల నిండా వడియాల పిండి. నా పక్కనున్న ఫోనుని మోచేత్తో నొక్కి స్పీకరులో పెట్టింది.

"అమ్మగారూ, నేనండి, ముత్యాల్రావుని. మాయన్న గోల పెడతన్నాడండి. గోడ కేలండర్లో రేపే దశమని ఉందంటండి. మీ చీటీలో నాలుగో తారీఖు సోమారం కదండి?"

"చీటీలో ఎలా ఉంటే అలాగేనండి" అంది శేషారత్నం.

"అదికాదండి, ఒక్కసారి సూత్తారేమోనని..."

"కంప్యూటరు లెక్క తప్పదండి. కేలండర్లలో అచ్చుతప్పులు పడుతూనే ఉంటాయి."

"నేనూ అదే సెప్పేనండి ఆడికి!" అని సంతోషంగా ఫోను పెట్టేశాడు.

ఆవిడ వీపు వెనక గోడకి మేకు, మేకుకి కేలండరు. నాలుగు అడుగులు. పిండి ఎండిపోతుందని ఆవిడ మేడ మీదికి వెళ్లిపోయింది. నేను అక్కడే ఉన్నాను. ఆవిడ గొంతులో నా మీద పలికిన ఆ నమ్మకాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా లోపల ఫ్యాను గతి తప్పుతుంది.

మే నాలుగు, సోమవారం మధ్యాహ్నం శర్మగారు తద్దినం పెట్టించి వచ్చారు. స్వయంపాకం సంచీ గుమ్మం బయటే వదిలేశారు. ఎప్పుడూ నేరుగా వంటింట్లో పెట్టే మనిషి. వచ్చి, నా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు.

"రత్నం, ఇవాళ తిథేమిటి?"

"దశమి కదండీ, ముత్యాలరావుగారి అమ్మగారిది..."

"పొద్దున్న పూజ దగ్గర నా నోటితో నేనే బహుళ తదియ అన్నానే."

శేషారత్నం తల తిప్పి గోడ కేలండరు చూసింది.

"నువ్వు సోమవారం అన్నావు, వెళ్లాను. మనస్సు తిథి మీదికి పోనేలేదు. అందరూ కూర్చున్నారు. ముత్యాలరావు దర్భ పవిత్రం వేలికి పెట్టుకుని నా నోటివంక చూస్తున్నాడు. సంకల్పం చెప్పడానికి చీటీ తీసి కళ్ల దగ్గర పెట్టుకున్నాను. శుద్ధ దశమి అని ఉంది. పున్నమి వెళ్లి మూడురోజులైంది. శుద్ధం ఎక్కడిదే?"

"మరేమన్నారు?"

శర్మగారు పంచె అంచు చూసుకున్నారు.

"శుద్ధ దశమ్యాం అన్నాను. గట్టిగా అన్నాను. మెల్లగా అంటే అనుమానమొస్తుందని."

శేషారత్నం నన్ను తెరిచింది. ప్రోగ్రాముని పక్కకి తప్పించి నా మూలకి చూసింది. అలా ఎంతసేపు చూసిందో! పూర్వం ఎప్పుడూ నాకు తెర మీద తెర కావాలనిపించలేదు. ఆ రోజు అనిపించింది. ఆ కాగితంలోనే వేరేవాళ్ల కోసం అచ్చయిన మిగతా మూడు చీటీలూ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, ఆ తర్వాత ఇంకో చీటీ తియ్యనూ లేదు. వాటిని ముక్కలుగా చింపేసింది. మర్నాడు పొద్దున్నే తానే వెళ్లి బాజీని వెంటబెట్టుకొచ్చి సెల్లు వేయించింది.

"చెప్పాను కదమ్మా" అని బాజీ అనలేదు. అంటాడేమోనని ఆవిడ తలుపు పట్టుకుని నిలబడింది.

ముత్యాలరావుకి చెప్పాలని శేషారత్నం అంటుంటే శర్మగారు వినలేదు.

"జరిగిపోయింది. తల్లి మీద భక్తితో పెట్టాడు, అందకపోదు. ఇప్పుడు చెబితే అతనికి మనశ్శాంతి పోతుంది, మనని పిలిచే ఇళ్లు పోతాయి. ఇద్దరికీ నష్టమే" అన్నారు.

ఆవిడ ఫోను సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన తప్పు ఆయన గొంతులోనూ, ఆవిడ తప్పు ఆవిడ గొంతులోనూ ఉండిపోయాయి. ఇద్దరూ నన్ను చూసి మొహం తిప్పుకునేవారు.

గురువారం పొద్దున్న ముత్యాలరావు వచ్చాడు. అరడజను కొబ్బరికాయలు వరండాలో దింపి, కుర్చీ చివర కూర్చున్నాడు. నేనుండే గది కిటికీ వరండాలోకే.

"పంతులుగారూ, ఇంకో చీటీ కావాలండి. మొన్నటిది జేబులో తడిసి చిరిగిపోయింది. ఈసారి కింద మీ పేరు రాసి సంతకం కూడా పెట్టండి. మాయన్న మొహాన కొట్టాలండి."

శర్మగారు ఉలిక్కిపడ్డారు. "అబ్బులుగారికి ఒంట్లో బాగోలేదు, అందుకే రాలేదన్నావు కదయ్యా?"

"అబద్ధమాడేనండి. నలుగురిలో ఇంటి గొడవెందుకని. ఆడు కేలండరు పట్టుకుని ఆదివారమే అని కూర్చున్నాడు. నేను మీ చీటీ పట్టుకుని సోమారం అన్నాను. ఆదివారం ఒక్కడే కాలవ రేవుకి పోయి, ఎవరో పంతుల్ని పిలుచుకుని పెట్టేసేడండి. అక్కణ్ణించి ఫోను చేసేడు, ఇప్పటికైనా రారా అని. ఆ టయానికి మా ఇంట్లో చేపల పులుసండి."

ముత్యాలరావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నాకు ఒళ్లు మండిపోయిందండి. 'అమ్మ బతికుండగా ఒక్కపూట పిలిచి అన్నం పెట్టలేదు, ఇప్పుడు తద్దినం కూడా దొంగతనంగా పెడతన్నావా' అనేశాను. ఆడు ఫోను పెట్టేసేడు. అప్పణ్ణించీ ఫోను ఎత్తట్లేదు. పోనీ తప్పు నాదైతే కాళ్లు పట్టుకుందును. నాది కాదు కదండి! అమ్మగార్ని ఫోన్లో అడిగి మరీ తెలుసుకున్నాను. కంప్యూటరు లెక్క తప్పదన్నారు."

శర్మగారు భార్య వైపు చూశారు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ చూపుకి ఆవిడ కళ్లు దించుకుంది.

"ఉండు, తీయిస్తాను" అని శర్మగారు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"తియ్యి" అన్నారు, గొంతు తగ్గించి.

"ఏం తీస్తాను? ఇప్పుడిది సరైన తేదీయే చూపిస్తుంది."

"వెనక్కి పెట్టి తియ్యవే. ఒక్క కాగితం."

"అన్నగారి మొహాన కొట్టడానికా?"

"మరి నా మొహం ఎక్కడ పెట్టుకోను? ముప్పయ్యేళ్లుగా ఆ వీధి వీధంతా నా మాట మీద నడిచింది. ఫోను చేస్తే అలా అన్నావని నాకు చెప్పావా నువ్వు? చెప్పలేదు. నేనూ సంకల్పంలో అతనికి చెప్పలేదు. ఇద్దరం ఇద్దరమే. తియ్యి."

శేషారత్నం నా ముందు కూర్చుంది. తేదీ మార్చే చోటు తెరిచింది. ఒక్కొక్క ఏడే వెనక్కి నొక్కుకుంటూ వెళ్లింది. మొదటిసారి నేను తెలియక వెనక్కి వెళ్లాను. ఈసారి చెయ్యి పట్టి నడిపిస్తుంటే వెళ్లాను. ఆగిపోవడానికి, మొరాయించడానికి, కనీసం మెల్లగా నడవడానికి కూడా నాలో ఏమీ మిగల్లేదు. ర్యాము పెంచారు, డిస్కు మార్చారు, గుర్రాన్ని చేశారు. గుర్రాన్ని ఎటు తిప్పితే అటే. 2009 అని పడింది. ప్రోగ్రాము తెరిచి మాసం, తిథి కొట్టింది. మే నాలుగు, సోమవారం. ప్రింటరు ఎర్రదీపం పచ్చగా మారింది.

ఆవిడ మీట నొక్కలేదు. లేచి తలుపు తీసింది.

"ముత్యాలరావుగారూ, ఒక్కసారి ఇలా లోపలికొస్తారా?"

ఆయన ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. చెప్పులు వరండాలో విడిచి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, గుడిలోకొచ్చినట్టు వచ్చాడు. శేషారత్నం తెరని ఆయనవైపు తిప్పింది.

"ఆ కింద మూలన ఏ సంవత్సరం ఉందో చదవండి."

ఆయన ఒంగి చదివాడు. "రెండువేల తొమ్మిదండి. ఇదేంటండి?"

"మీ చీటీ తీసిన రోజున దీని లెక్కలో ఉన్న సంవత్సరం అదండీ. మే నాలుగున దశమి వచ్చింది ఆ ఏడాదిలో. ఈ ఏడు దశమి ఆదివారమే. మీ అన్నగారి కేలండరే సరైంది. రోజూ తేదీ దిద్దుకోమని బాజీ చెప్పాడు, నేను దిద్దలేదు. మీరు ఫోను చేసినప్పుడు అదిగో, ఆ గోడదాకా వెళ్లి చూసి ఉంటే సరిపోయేది. వెళ్లలేదు."

ముత్యాలరావు కాసేపు గోడవైపు చూశాడు. ఎంత దూరమో కొలుచుకుంటున్నట్టుగా.

"మరి ఆదివారం మేము చేపల పులుసు తిన్నామండి" అన్నాడు. ఆ పెద్ద గొంతు చిన్నపిల్లాడి గొంతయిపోయింది. "మా అమ్మ దినంనాడు. రెండోసారి కూడా వేయించుకున్నానండి నేను."

ఆయన నెమ్మదిగా శర్మగారి వైపు తిరిగాడు.

"పంతులుగారూ, మీకెప్పుడు తెలిసిందండి?"

అబద్ధం చెప్పడానికి శర్మగారికి దారి ఉంది. ఇప్పుడే, నీతోపాటే అంటే చాలు. శేషారత్నం ఆ మాట రాకూడదని కాబోలు, కళ్లు మూసుకుంది.

"సంకల్పం చెప్పేటప్పుడు" అన్నారు శర్మగారు.

ముత్యాలరావు తలూపాడు. కోపం తెచ్చుకుంటాడని చూశాను. కోపం వస్తే మా ముగ్గురికీ కాస్త తేలికయ్యేది.

"నేనూ తెలిసే అన్నానండి మాయన్నని" అన్నాడు. "అమ్మ మంచాన పడ్డ ఆర్నెల్లూ ఆడే సూసేడు. నాకు తెలుసు. తెలిసే ఆ మాటన్నాను." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆడి దగ్గరికెళ్లాలి. నా నోటితో నేను సెప్పలేనండి. మీరు రాసివ్వండి."

శేషారత్నం కాగితం కోసం చెయ్యి చాపింది. శర్మగారు వద్దన్నారు. మేకుకున్న ఉత్తరీయం తీసుకున్నారు.

"కాగితాలు చాలు. నేనొస్తాను, పద."

ఇద్దరూ వెళ్లారు. కొబ్బరికాయలు వరండాలోనే ఉన్నాయి. శేషారత్నం వాటిని లోపలికి తేలేదు, పక్కకి జరపనూ లేదు. నా తేదీని ఒక్కొక్క ఏడే ముందుకి నొక్కుకుంటూ ఇవాళ్టికి తెచ్చి, తెర మీద చెయ్యి ఆనించి కూర్చుండిపోయింది.

శర్మగారు పొద్దువాలాక వచ్చారు.

"తిట్టారా?" అంది ఆవిడ.

"తిట్టి ఉంటే బాగుండేది. కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లిచ్చాడు. కుర్చీ తుడిచి వేశాడు. అంతా చెప్పాను, సంకల్పం సంగతి కూడా. విన్నాడు. విని ఏమడిగాడో తెలుసా? 'పంతులుగారూ, తమ్ముడు లేకుండా నేనొక్కణ్ణే పెట్టేను కదండి. మా అమ్మకి అందుద్దంటారా?' అన్నాడు. నన్ను అడిగాడే రత్నం! వేరే ఎవరినైనా అడక్కుండా నన్ను."

"మీరేమన్నారు?"

"ముత్యాలరావే అన్నాడు, 'అందుద్దన్నయ్యా' అని. వాళ్లిద్దరూ అక్కడే అరుగు మీద కూర్చున్నారు. నేను వచ్చేశాను."

ఆ ఏడాది మాకు ఆరు ఇళ్లు పోయాయి. ముత్యాలరావు ఎక్కడా ఒక్క మాట అనలేదట, శర్మగారే అడిగినవాళ్లందరికీ చెప్పుకుని పోగొట్టుకున్నారు. కళ్లకి ఆపరేషను కూడా చేయించుకున్నారు. ఇప్పుడు ఏ చీటీ అయినా పంచాంగంతో సరిచూసుకున్నాకే గడప దాటుతుంది.

నేను ఇంకా పనిచేస్తున్నాను. బాజీ చెప్పినట్టు గోడలు గట్టివే. ఇనప సామాన్లవాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా నా గురించి అడుగుతాడు, శేషారత్నం ఇవ్వదు. అయితే ఒక సంగతి ఉంది. నేను తీసిన ప్రతి చీటీ నాలో ఒక ఫైలుగా మిగిలిపోతుంది, తేదీల వరసలో. ముత్యాలరావు చీటీ తారీఖు 2009 జనవరి ఒకటి. అన్నిటికంటే పాతదన్న లెక్కన అదెప్పుడూ వరసలో మొట్టమొదట కూర్చుంటుంది. దాన్ని చెరిపెయ్యడానికి ఒక్క మీట చాలు. ఆవిడకి ఆ మీట బాగా తెలుసు. రోజూ పొద్దున్న నన్ను తెరవగానే ఇద్దరం ముందు దాన్నే చూస్తాం. ఆవిడ దాన్ని దాటుకుని కిందికి వెళుతుంది. చెరపదు.